కార్తీక పౌర్ణమి, గురునానక్ జయంతి ఒకే రోజు

ఎడిటర్ గారికి నమస్కారం,

గురునానక్ జయంతికి చాలా పేపర్లు గోల్డెన్ టెంపుల్ ఫొటో వేసి కింద రెండు లైన్లు రాస్తాయి, అందులో ఎక్కడో ఒకచోట "సిక్కుల దేవుడు గురునానక్" అని వచ్చేస్తుంది. ఇది తప్పండి. ఆయన వాళ్లకి గురువు, దేవుడు కాదు. ఉద్యోగం మీద ఆరేళ్లు పంజాబ్‌లో కపుర్తలా వైపు ఉన్నాను, అక్కడ దేవుడి గురించి ఎవర్ని అడిగినా ముందు చెప్పేది మూలమంత్రమే, వాళ్ల పవిత్ర గ్రంథం, 1430 పేజీల గురు గ్రంథ సాహిబ్ మొదలయ్యేదే దాంతో. ఇక్ ఓంకార్, ఉన్నది ఒక్కడే. కర్తా పురఖ్, అన్నీ చేసినవాడు. భయం లేదు, ఎవరి మీదా పగ లేదు. అజూనీ, అంటే పుట్టుక లేనివాడు. రాముడు కృష్ణుడు అని అవతారాలతో పెరిగినవాణ్ణి కదా, నాకు ఈ అజూనీ దగ్గరే చాలాకాలం ఆగిపోయింది, పుట్టడు, రూపం లేదు, మరి ఎక్కడుంటాడండీ అని పక్కింటి పెద్దాయన్ని అడిగితే ఆయన గోధుమ చేను వైపు చెయ్యి చూపించి "కుద్రత్‌లో" అన్నాడు, అంటే ప్రకృతిలో.

గురు గ్రంథ సాహిబ్‌లోని ఆసా దీ వార్ అనే కీర్తనలో గురునానక్ చెప్పింది కూడా అదేనని తర్వాత తెలిసింది. దేవుడు తనని తానే చేసుకున్నాడు, తర్వాత ఈ ప్రకృతిని చేసి అందులోనే కూర్చుని సంబరంగా చూస్తున్నాడు అంటారు. అలాగని చెట్టే దేవుడు, ఏరే దేవుడు అని కాదు, భూమీ ఆకాశం పగలూ రాత్రీ ఏవీ లేని చీకట్లో కూడా ఆయన హుకుం ఉంది అంటారు. ఈ సృష్టి ఏ రోజు మొదలైందో పండితులకీ ఖాజీలకీ యోగులకీ తెలీదు, చేసినవాడికే తెలుసు అని గురునానక్ రాసిన జప్‌జీ అనే ప్రార్థనలో ఉంటుంది, నాకు చాలా నచ్చిన మాట అది.

అదే జప్‌జీ చివర్లో గాలి గురువు, నీరు తండ్రి, భూమి తల్లి అని వస్తుంది. కపుర్తలా జిల్లా సుల్తాన్‌పూర్ లోధీలో కాలీ బేయిన్ అనే ఏట్లో గురునానక్ స్నానానికి దిగి మూడు రోజుల తర్వాత బయటికొచ్చారని చెప్తారు. అలాంటి ఏట్లోకి ఊళ్ల మురుగు వదిలారు, గుర్రపుడెక్క పట్టేసింది. 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ అనే సాధువు జనాన్ని వెంటేసుకుని దిగి చేతుల్తో పీకడం మొదలుపెట్టారు, ఏరేమో దాదాపు 160 కిలోమీటర్లు! అబ్దుల్ కలాం గారు వెళ్లి చూసొచ్చారు, 2017లో సీచేవాల్ గారికి పద్మశ్రీ వచ్చింది. దాన్ని పర్యావరణ కార్యక్రమం అంటే సగమే చెప్పినట్టు, గురుద్వారాలో రొట్టెలు కాల్చడం, చెప్పులు తుడవడం ఎలాగో వాళ్లకి ఇదీ అలాంటి సేవే.

ఇదంతా ఎందుకంటే ఆ జయంతి రోజే మన కార్తీక పౌర్ణమి. చిన్నప్పుడు గోదావరిలో అరటి దొప్పల్లో దీపాలు వదిలేవాళ్లం, ఇప్పుడు థర్మాకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ కప్పులు కూడా వస్తున్నాయి, మర్నాడు పొద్దున్న రేవు మెట్ల దగ్గర అవన్నీ పేరుకుపోయి ఉంటే కడుపు తరుక్కుపోతుంది. నీటిని వాళ్లు తండ్రి అంటారు, మనం గోదారిని తల్లి అంటాం.

ఈసారి పౌర్ణమికి ఒక వారం ముందే ఆ కాలీ బేయిన్ ఏటి గురించి అరపేజీ వెయ్యండి, రేవుల దగ్గర థర్మాకోల్ అమ్మనివ్వొద్దని అధికారులకి గట్టిగా రాయండి. "దేవుడు గురునానక్" అన్న లైను మాత్రం దయచేసి తీసేయండి.

– గోదావరి ఒడ్డు పాఠకుడు