నాన్న కావాలని చేయడం లేదు, అన్నయ్యా

లండన్

అన్నయ్యకు,

ఇక్కడ మేమంతా క్షేమం. ఈ సంగతి ఫోన్లో మాట్లాడదామంటే నాన్న పక్కనే ఉండి వింటారు, ఈలోగా పిల్లలు ఫోన్ లాక్కుంటారు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదివి, వదినకు కూడా చదివి వినిపించు.

మొన్న నువ్వన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. "దాసన్నపేటలో ఏ సందులో ఎవరి ఇల్లో ఇప్పటికీ గడగడా చెప్తారు, పాలపాకెట్ కోసం కిందికెళ్తే మన బ్లాకు ఏదో తెలీదంటారేటి?" అన్నావు. విజయనగరంలో పాత ఇల్లు అమ్మేసి ఫ్లాట్‌కి మారామన్న కోపం నాన్న అలా చూపిస్తున్నారని నీ అనుమానం. కాదన్నయ్యా. నేను పనిచేసేది పెద్దవాళ్ల వార్డులో. చిన్నప్పటి ఊరిని ఇంటింటికీ వర్ణించి, తన మంచం ఏ వైపుందో వెతుక్కునేవాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. నాన్న విషయంలో కారణం ఏమిటో పరీక్షలు చేస్తేగానీ తెలియదు. కానీ పాతది అంత బాగా గుర్తుంది కాబట్టి కొత్తది తెలియదనడం నాటకం అని మాత్రం అనుకోకు.

కాలిఫోర్నియాలో ఒకాయన ఉండేవారు. పేరు బయటపెట్టకుండా పరిశోధకులు ఆయన్ని ఈ.పీ. అని రాశారు. 1992లో మెదడుకు వైరస్ సోకి, రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగం పాడైపోయింది. అప్పటినుంచి కొత్త విషయం ఏదీ నిలిచేది కాదు. ఎడ్మండ్ టెంగ్, లారీ స్క్వైర్ అనే ఇద్దరు ఆయన పెరిగిన ఊరి గురించి ప్రశ్నలు వేశారు. ఆ ఊరు విడిచి అప్పటికి యాభై ఏళ్లు దాటింది. మీ ఇంటినుంచి ఫలానా చోటుకి ఎలా వెళ్లాలి, ఆ పెద్ద రోడ్డు మూసేస్తే ఎటు తిరగాలి, ఇక్కడ నిలబడితే అది ఏ దిక్కున ఉంటుంది... ఇలాంటివన్నీ. అదే ఊళ్లో పెరిగి వెళ్లిపోయిన ఆయన వయసువాళ్లతో సమానంగా, కొన్నిట్లో వాళ్లకంటే మెరుగ్గా చెప్పారు. జబ్బు చేశాక మారిన ఇంటి చుట్టుపక్కల గురించి అడిగితే మాత్రం ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. 1999లో ఇది అచ్చయింది. చదువుతుంటే నాకు మన మేడ మెట్ల దగ్గర నిలబడిన నాన్నే కనిపించారు.

హిప్పోకాంపస్ అంటే పెద్దదేమీ కాదు. చెవుల మీదుగా లోపలికి, అటొకటి ఇటొకటి, చిటికెన వేలంత ఉంటుంది. కొత్త జ్ఞాపకం కూడబెట్టాలన్నా, కొత్త చోటు మనసులోకి ఎక్కాలన్నా దాని పనే. 1971లో ఇక్కడి యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో జాన్ ఓకీఫ్, డొస్ట్రోవ్‌స్కీ అనే ఇద్దరు ఎలుక మెదడులో సన్నటి తీగలు పెట్టి చూశారు. ఎలుక ఒక మూలకి వెళ్తే ఒక కణం స్పందిస్తుంది, ఇంకో చోటుకి వెళ్తే ఇంకో కణం. అంటే తానెక్కడుందో దాని మెదడు ఎప్పటికప్పుడు లెక్క వేసుకుంటోంది. తర్వాత 2005లో నార్వేలో మోసర్ దంపతులు, ఆ పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో, ఎంత దూరం ఎటు కదిలామో కొలిచే కణాలను కనిపెట్టారు. ఓకీఫ్‌కీ, వాళ్లిద్దరికీ కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు.

ఆ ప్రయోగాల్లో మనకు పనికొచ్చేది ఒకటుంది. ఎలుకను పెట్టిన గుండ్రటి గదిలో గోడకి ఒక తెల్ల అట్ట అంటిస్తారు. ఎలుకను బయటికి తీసి, అట్టను పక్కకి జరిపి, మళ్లీ లోపల పెడితే ఆ కణాల లెక్కంతా అట్టతోపాటే తిరిగిపోతుంది. చోటు గుర్తుండాలంటే కంటికి ఆనేది ఏదో ఒకటి ఉండాలన్నమాట. పాత ఇంటి వైపు నాన్నకు ఎటు చూసినా ఆనవాళ్లే: కోట గోడ, గంటస్తంభం, మూడు లాంతర్లు, అయ్యకోనేరు గట్టు. రింగురోడ్డు వైపు మీరు మారిన చోట ఏముంది? ఒకే రంగు బ్లాకులు, ఒకేలాంటి గేట్లు, ఒకేలాంటి మెట్లు. నాకే కిందటిసారి రెండు బ్లాకులకీ తేడా తెలియలేదు.

నాన్న పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసిన మనిషి కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ నల్ల టాక్సీ నడపాలంటే నగరం నడిబొడ్డున ఉన్న చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల లోపలి దాదాపు 25,000 వీధులు నోటికి రావాలి. నేర్చుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. స్కూటర్ ముందు మ్యాపు తగిలించుకుని వానలో తిరిగే కుర్రాళ్లు కనిపించినప్పుడల్లా నాకు సైకిల్ మీద నాన్న గుర్తొస్తారు. ఎలినార్ మగ్వైర్ అనే ఆమె 2000లో ఆ డ్రైవర్ల మెదళ్లను స్కాన్ చేస్తే హిప్పోకాంపస్ వెనక భాగం మిగతావాళ్లకంటే పెద్దదిగా కనిపించింది. రోజూ ఒకే రూటులో తిరిగే బస్సు డ్రైవర్లలో అలా లేదు. నాన్న మెదడును ఎవరూ కొలవలేదు. కానీ బీటు మారిన ప్రతిసారీ వీధులన్నీ మళ్లీ నేర్చుకుని, డోర్ నంబరు లేని ఉత్తరాన్ని కూడా సరైన గడపకి చేర్చిన మనిషి. అలాంటాయన దారి అడగాల్సి వస్తే ఎంత సిగ్గుపడతారో నువ్వే ఆలోచించు. నువ్వు కసురుకున్నప్పుడు ఆయన మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోవడం మొండితనం కాదు.

పాత దారులు తెలుసు కదా అని అక్కడికి ఒక్కరినే పంపేయకు. మగ్వైరే 2006లో, హిప్పోకాంపస్ దెబ్బతిన్న ఒక పాత టాక్సీ డ్రైవర్ని పరీక్షించారు. కంప్యూటర్లో చూపించిన లండన్‌లో పెద్ద రోడ్ల మీద బాగానే వెళ్లాడు, చిన్న సందుల్లోకి దిగేసరికి దారి తప్పాడు. పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు చదురుగుడి దగ్గరికి తీసుకెళ్లడం మానొద్దు, చెయ్యి మాత్రం వదలొద్దు.

ఇప్పుడు అసలు పని. నాన్నని బేగి న్యూరాలజిస్టుకి చూపించు. విశాఖ కేజీహెచ్ అయినా సరే, నీకు నమ్మకమున్న ఇంకెక్కడైనా సరే. తెలిసిన చోట దారి తప్పడం అల్జీమర్స్‌కి మొదటి గుర్తుల్లో ఒకటి కావచ్చు. ఆ జబ్బు ముందు తాకేది నేను చెప్పిన ఎంటోరైనల్ కార్టెక్స్‌నీ హిప్పోకాంపస్‌నీ. అయితే అదేనని ఇప్పుడే టెన్షన్ పడొద్దు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, అమ్మ పోయిన దిగులు లోపల గూడు కట్టుకున్నా మతిమరుపు వస్తుంది, వీటికి మందులున్నాయి. ఆయన వేసుకుంటున్న మాత్రలన్నీ సంచిలో వేసి తీసుకెళ్లు, నిద్రకి వేసుకునేది కూడా. ఎప్పటినుంచి, ఏ టైములో ఇలా అవుతోందో వదినని ఒక కాగితం మీద రాయమను. నీకంటే తనే ఎక్కువ గమనిస్తుంది.

నడక ఆపించకు. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లతో ఏడాది పాటు చేసిన పరీక్షలో, వారానికి మూడు రోజులు నడిచినవాళ్ల హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. 2011లో వచ్చిన ఫలితం అది. వాళ్లకి మతిమరుపు జబ్బు లేదు కాబట్టి నాన్నకి అదే జరుగుతుందని చెప్పను, కానీ నాలుగు గోడల మధ్య కూర్చోబెడితే ఒరిగేదేమీ లేదు. రోజూ ఒకే టైముకి, ఒకే దారిలో, మొదట్లో నువ్వో పెద్దోడో తోడు వెళ్లండి. చేసి చేసి అలవాటయ్యే పనిని మెదడులో వేరే భాగాలు చూసుకుంటాయి. మన మెట్ల మొదట్లో పచ్చ రంగు కుండీలో తులసి పెట్టించు, తలుపు పక్కన ఆయన పాత ఎర్ర పోస్టుడబ్బా తగిలించు. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోకపోతే నేను మాట్లాడతాను. చొక్కా జేబులో నీ నంబరు రాసిన కార్డు పెట్టు. "నిన్న చెప్పాను కదా" అనే మాట మాత్రం ఇంట్లో ఎవరూ అనొద్దు.

డాక్టరు డేట్ ఇవ్వగానే చెప్పు, ఆ టైముకి నేను వీడియోలో ఉంటాను. స్కానింగ్ ఖర్చు నేను పంపుతున్నాను, వద్దనకు. రిపోర్టు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టు.

వదినకు నా నమస్కారాలు, పిల్లలకు నా ఆశీస్సులు. నాన్నకి నేను ఆదివారం ఫోన్ చేస్తాను.

నీ చెల్లి