అమ్మబోని ఇంటికి అమ్మకం రేటు మీద పన్నా? పురపాలక మంత్రి గారికి గుంటూరు నుంచి బహిరంగ లేఖ

పురపాలక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది గుంటూరు బ్రాడీపేట. లైన్లు ఒకవైపు, అడ్డరోడ్లు ఒకవైపు గీత గీసినట్టు ఉండే పేట, 4/14 అంటే చాలు, ఆటో అబ్బాయి ఇంకేం అడగకుండా నాలుగో లైను పద్నాలుగో అడ్డరోడ్డులో దింపేస్తాడు. ఇప్పుడిక్కడ గజం ఎంతుందని అడిగితే ఒక్కో బ్రోకరు ఒక్కో మాట చెబుతాడు. 2014లో రాజధాని పక్కనే వస్తోందన్నారు, రేట్లు లేచాయి. తర్వాత మూడు రాజధానులన్నారు, అమ్ముదామన్నా కొనేవాడు లేడు. 2024 నుంచి మళ్లీ ఫోన్లు మొదలయ్యాయి, "సార్, ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇస్తారా" అని. ఇల్లు అమ్మే ఉద్దేశమే లేనివాడికి ఈ గోలంతా ఎందుకు పట్టాలి? పట్టాల్సి వస్తోంది, ఎందుకంటే ఇంటి పన్ను నోటీసు ఆ రేటునే పట్టుకుని వస్తోంది.

మీకు తెలిసిందే గానీ చదివేవాళ్ల కోసం చెబుతాను. ఇదివరకు ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుందో లెక్కగట్టి దాని మీద పన్ను వేసేవారు. 2020లో చట్టం సవరించి, 2021 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషన్ శాఖ కట్టే విలువ మీద వేయడం మొదలుపెట్టారు, నివాస ఇళ్లకైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా. ఎందుకు మార్చారయ్యా అంటే, కరోనా ఏడాదిలో అదనంగా అప్పు చేసుకోవాలంటే పట్టణ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది, మన రాష్ట్రం మధ్యప్రదేశ్‌తో పాటు అందరికంటే ముందు చేసేసి 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి తెచ్చుకుంది. అప్పు రాష్ట్రానికి వచ్చింది, లెక్క మా గుమ్మానికి వచ్చింది. అప్పట్లో ప్రతిపక్షంలో ఉండి దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్లే ఇప్పుడు అధికారంలో ఉన్నారు. ఎత్తిపొడవడం నా ఉద్దేశం కాదు, గుర్తొచ్చింది, అన్నాను.

ఏటా 15 శాతానికి మించి పెంచరాదనే పరిమితి ఉంది కదా, ఇంక బాధేమిటి అంటారేమో. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే 4,000 రూపాయల పన్ను ఐదేళ్లు తిరిగేసరికి 8,000 దాటుతుంది, కాగితం మీద ఎవరైనా వేసి చూసుకోవచ్చు. ఐదేళ్లలో ఎవరి పెన్షన్ రెట్టింపయింది? పైగా 2025 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ విలువలు మళ్లీ సవరించారు. పన్నుకు ఆధారమే ఆ విలువ కాబట్టి ఈ పెరుగుదల ఎక్కడ ఆగుతుందో మాకు అర్థం కావడం లేదు.

అసలు అన్యాయం ఎక్కడుందంటే, స్థలం విలువ లెక్కలో. మా పక్కింటి మామ్మగారిది పాత మిద్దె ఇల్లు. ముందు గ్రిల్లు వేసిన వరండా, కడప బండల అరుగు, వెనకాల మామిడిచెట్టు, నీళ్లు అడుగంటిన బావి. అటూ ఇటూ అపార్ట్‌మెంట్లు లేచాక పెరట్లో ఎండ పొడ మధ్యాహ్నం కాసేపే పడుతుంది, వడియాలు పెట్టుకోవడానికి కూడా మా డాబా మీదకి వస్తారు. ఆమె ఆదాయం భర్త తాలూకు ఫ్యామిలీ పెన్షన్. ఇలాంటి ఇంట్లో కట్టడం విలువ ఏముంటుంది, ఉన్నదంతా స్థలం విలువే. అది 300 గజాలనుకోండి, మొత్తం 300 గజాల భారమూ ఒక్క మనిషి నెత్తిన. అదే స్థలంలో ఇల్లు పడగొట్టి పది ఫ్లాట్లు వేస్తే ఒక్కో ఫ్లాటుకు పడేది 30 గజాల వాటా. అంటే చెట్టు ఉంచినందుకు, నేల ఉంచినందుకు, వాన నీళ్లు ఇంకే నాలుగు గజాలు వదిలినందుకు ఎక్కువ కట్టమంటున్నారు. పోనీ ఎక్కువ కట్టేవాళ్లకి డ్రైనేజీ బాగుందా అంటే, గుంటూరు భూగర్భ డ్రైనేజీ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

రేటు పెరిగితే మీ ఆస్తే కదా పెరిగింది, సంతోషించండి అని కొందరంటారు. ఆ పెరిగినది చేతికొచ్చేది అమ్మిన రోజునే. అమ్మేదాకా అది ఇంట్లో గొడవే. నలుగురు అన్నదమ్ముల్లో ఒకరు అమెరికాలో, ఒకరు హైదరాబాద్‌లో, ఇక్కడే ఉండి అమ్మానాన్నల్ని చూసుకున్నవాడు ఒక్కడు. గజం రేటు విన్న రోజు నుంచి మిగతా ముగ్గురికీ వాటా గుర్తొస్తుంది. ఇక్కడే ఉన్న ఆ ఒక్కడు వాళ్ల వాటాలు కొనలేడు, పన్ను పెరుగుతోంది, చివరికి బిల్డరుకు సంతకం పెట్టేస్తాడు. తర్వాత అదే పేటలో ఫ్లాటు కొందామని వచ్చే ఉద్యోగస్తుడి కష్టం వేరే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అది కాక బయటి రేటుకీ గవర్నమెంటు రేటుకీ మధ్య ఉన్న తేడా నగదుగా తెమ్మంటారు, దానికి ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.

పన్నే వద్దని అనడం లేదు. ఊరు నడవాలి, ఒప్పుకుంటాను. అడిగేది ఒక్కటే. సొంతంగా కాపురం ఉంటున్న ఒక్క ఇంటికి, అది చేతులు మారేదాకా లేదా పడగొట్టి కొత్తది కట్టేదాకా, పన్నుకు ఆధారమయ్యే విలువను ఒక దగ్గర నిలిపేయండి. అమ్మిన రోజున కొత్త విలువతో కొన్నవాడి దగ్గర మొదలుపెట్టండి, అప్పుడు డబ్బు చేతులు మారుతుంది కాబట్టి ఎవరికీ బరువనిపించదు. పిల్లలకు వారసత్వంగా వచ్చి, వాళ్లు అందులోనే ఉంటే దాన్ని అమ్మకం కింద చూడకండి. అద్దెలకిచ్చిన ఇళ్లు, హాస్టళ్లు, షాపులు మీ ఇష్టం. 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ఏడాదికి 50 రూపాయలే అని చట్టంలోనే మినహాయింపు పెట్టగలిగినప్పుడు ఇదేమంత అసాధ్యం కాదు.

దీంతోపాటు నోటీసు మీద స్థలం విలువ ఎంత వేశారు, కట్టడం విలువ ఎంత వేశారు, ఎంత శాతం అన్నది మూడు లైన్లలో తెలుగులో రాయించండి. ఇప్పుడు మొత్తం ఒక్కటే కనిపిస్తోంది, ఎలా వచ్చిందో అడగడానికి మామ్మగారు ఎవరి చుట్టూ తిరుగుతారు?

చెత్త పన్ను తీసేస్తామన్నారు, తీసేశారు, దానికి మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఏప్రిల్ 30 లోగా ఏడాది పన్ను మొత్తం కట్టినవాళ్లకు 5 శాతం రాయితీ ఇస్తారు కదా, ఆ గడువుకు ముందే దీని మీద కూడా ఏదో ఒక మాట చెప్పండి. కుదరదంటే కుదరదనే చెప్పండి, బిల్డరుకు ఏం చెప్పాలో మామ్మగారు తేల్చుకుంటారు.

ఇట్లు,
బ్రాడీపేటలో ఇంటి పన్ను కట్టే ఒకడు