న్యూట్‌లకి కావాల్సింది చలికాలం, హీటర్ కాదు

సంపాదకులు గారికి నమస్కారం,

పెంపుడు జంతువుల గురించి మీ ఆదివారం పేజీలో వచ్చింది చదివాను. న్యూట్‌ని "నీటి బల్లి" అన్నారు, అది బల్లి కాదు, కప్పల్లాగా ఉభయచరం. సరే అది చిన్న విషయం అనుకున్నా, కానీ ట్యాంకులో హీటర్ పెట్టి ఏడాదంతా ఒకే వేడిలో ఉంచితే గుడ్లు పెడతాయని రాశారు చూడండి, అది చదివాక ఊరుకోలేకపోయా.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు జపాన్‌లో ఉంటున్నాం. మా ఇంట్లో అయిదు న్యూట్‌లున్నాయి, ఇక్కడివాళ్లు అకహరా ఇమొరి అంటారు, అంటే ఎర్ర పొట్టది అని. మొదటి చలికాలం నేనూ వాటికి చలేస్తుందని జాలిపడి హీటర్ పెట్టి నీళ్లు 24 డిగ్రీల దగ్గరే ఉంచాను, బాగానే తిన్నాయి, బాగానే తిరిగాయి, వసంతం వచ్చి వెళ్లిపోయింది గానీ ఒక్క గుడ్డు లేదు. మరుసటి ఏడు ట్యాంకుని చెప్పులు విడిచే గుమ్మం దగ్గర పెట్టేశా, అక్కడ హీటింగ్ ఉండదు, జనవరిలో నీళ్లు 6, 7 డిగ్రీలకి దిగిపోయేవి. తిండి దాదాపు మానేసి ఒక మూల కదలకుండా కూర్చునేవి, చచ్చిపోతాయేమోనని రాత్రుళ్లు లేచి చూసేదాన్ని. మార్చిలో పగలు పెరిగి నీళ్లు మెల్లగా వెచ్చబడేసరికి మగవాటి తోకలకి నీలం ఊదా కలిసిన మెరుపొచ్చింది. మనకి తొలకరి పడగానే కప్పలు ఎలా మొదలెడతాయో వీటికి చలి పోయి వెచ్చదనం రావడం అలాంటిది, ఆ మార్పు లేకపోతే వాటి ఒంటికి కాలం తెలియదు.

కప్పలాగా అరిచి పిలవడానికి వీటికి గొంతు లేదు. మగది ఆడదాని దారికి అడ్డంగా నిలబడి, తోక మడిచి, దాని ముక్కు వైపు నీళ్లని సన్నగా వణికిస్తూ వాసన పంపిస్తుంది. ఆ వాసనలో ఉన్న పదార్థాన్ని వాసెడా యూనివర్సిటీలో కికుయామా గారి బృందం 1995లో పట్టుకుంది, పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అలాంటి గొలుసునే పెప్టైడ్ అంటారు, తోటి జంతువుకి కబురు పంపే వాసన పదార్థాన్ని ఫెరొమోన్ అంటారు, వెన్నెముక ఉన్న జంతువుల్లో దొరికిన మొదటి పెప్టైడ్ ఫెరొమోన్ అదే. దానికి సొడెఫ్రిన్ అని పేరు పెట్టారు, పాత జపనీస్ కవిత్వంలో ప్రేమించినవాళ్ల వైపు అంగీ చెయ్యి ఊపడాన్ని సొడెఫురి అంటారట, అందులోంచి. నాకు ఈ పేరంటే చాలా ఇష్టం.

ఆడదానికి నచ్చితే మగదాని వెనకే నడుస్తుంది, అది అడుగున వదిలిన, వీర్యం ఉన్న చిన్న జిగురు ముద్దని తన ఒంట్లోకి తీసుకుంటుంది, ఇంకేమీ ఉండదు. శరదృతువులో కూడా మగవి ఇలా వెంటపడతాయి, అప్పుడు తీసుకున్న వీర్యాన్ని ఆడది చలికాలమంతా దాచుకుని వసంతంలో గుడ్లకి వాడుకోగలదు, అంటే నవంబర్‌లో హీటర్ పెట్టామంటే ఆ వరసంతా మనమే చెడగొట్టినట్టు.

ఏప్రిల్ నుంచి గుడ్లు. ఒక్కో గుడ్డుని వెనక కాళ్లతో ఆకు మడిచి అందులో పెట్టి అంటిస్తుంది, ఎంత ఓపికో. వెంటనే ఆ ఆకుల్ని వేరే డబ్బాలోకి మార్చాలి, లేకపోతే పెద్దవే తినేస్తాయి. పిల్లలకి మేత ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో పెరిగే, రొయ్యల్లాంటి చిన్న జీవులు, మా నాన్న రొయ్యల హేచరీలో పనిచేసినప్పుడు ఇంట్లో రోజూ వినే మాటే, వాటి గుడ్లు పొదిగించడం ఆయన్నే ఫోన్లో అడిగి నేర్చుకున్నా. కప్ప పిల్లలకి, అదే తోకకప్పలకి, వెనక కాళ్లు ముందొస్తాయి కదా, న్యూట్ పిల్లలకి ముందు కాళ్లు ముందొస్తాయి.

హైదరాబాద్, విజయవాడ ఎండల్లో ఇవి బతకడమే కష్టం, ఆ వ్యాసం చూసి ఎవరైనా పిల్లల కోసం కొంటారేమోనని నా భయం. మన దేశంలో డార్జిలింగ్ వైపు ఉండే హిమాలయన్ న్యూట్‌కి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దాన్ని పట్టి పెంచడానికి అసలే లేదు. చూడాలనుంటే డార్జిలింగ్ జూకి వెళ్లొచ్చు, మన హైదరాబాద్‌లో పుట్టిన పద్మజా నాయుడు గారి పేరే దానికి, అక్కడ దీని సంతతి పెంచే పని కూడా చేస్తున్నారు.

దయచేసి హీటర్ సంగతి వచ్చే ఆదివారం అదే పేజీలో సవరించి వేయండి, వెనక పేజీలో చిన్నక్షరాల్లో కాదు.

ఇట్లు,
మీ పాఠకురాలు, జపాన్ నుంచి