బోరు గొట్టం చుట్టూ సిమెంటు పోయించండి: కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

సివిల్ ఇంజనీరింగ్ చదివి, చమురు బావుల్లో పనిచేసి, రిటైరయ్యాక మన ఊళ్ల బోర్ల చుట్టూ తిరిగిన పెద్దాయన ఈమధ్య కన్నుమూశారు. సంతాప సభలు ఎలాగూ జరుగుతాయి. బోరు గొట్టం చుట్టూ సిమెంటు పోయాలని ఆయన పట్టుబట్టారు. ఆ పని మాత్రం మీ చేతిలో ఉంది.

చమురు బావిలో కేసింగ్ (గోడలు కూలకుండా దించే గొట్టం) దించితే దాని చుట్టూ సిమెంటు పట్టించాకే ముందుకు తవ్వుతారు. మన దగ్గర రాయి తగిలేదాకా కేసింగ్ దించి, పక్క సందులోకి తవ్విన మట్టే తోసేస్తారు. రెండు వానలకు అది కుంగి, కాలువ మురుగు నేరుగా బోర్లోకి దిగుతుంది.

10 అంగుళాల రంధ్రంలో 7 అంగుళాల గొట్టముంటే సందు మీటరు లోతుకు సుమారు 26 లీటర్లు. 50 కిలోల బస్తాకు 25 లీటర్ల నీళ్లు కలిపితే 41 లీటర్ల సిమెంటు పాలొస్తాయి. 10 మీటర్లకు 7 బస్తాలు చాలు. బోరు ఖర్చులో ఇదెంత! నీళ్లెక్కువైతే సిమెంటు అడుగుకు దిగి పైన నీరు తేలుతుంది. పైనుంచి కుమ్మరిస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. సన్న పైపు అడుగుదాకా దించి, పాలు నేలమట్టానికి పొంగేదాకా కిందనుంచే నింపాలి. కేసింగ్ గట్టిరాతిలో కూర్చోకపోతే పాలు బోర్లోకే పోతాయి. పోశాక కనీసం 24 గంటలు రిగ్గు ముట్టకూడదు.

పైన గొట్టం చుట్టూ కట్టే సిమెంటు దిమ్మె సంగతి 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది: నేలపైన 0.30 మీటరు, కింద 0.30 మీటరు. దిమ్మె ఒక్కటే మురుగును ఆపదు.

టెండర్లో సిమెంటు పోతను విడి ఐటెంగా పెట్టండి. ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) బస్తాల లెక్క లేనిదే బిల్లు పాస్ చేయొద్దని ఆదేశించండి.

ఇట్లు,
చిత్తూరు బోరు పనుల ఇంజనీర్లు