పైపు గుర్తుకు మార్కులు కోస్తారా?

సంపాదకుడు గారికి,

నేను విద్యానగర్‌లో 20 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెబుతున్నాను. మొన్న ప్రాక్టికల్స్ రోజు సాయంత్రం ఒకమ్మాయి ఏడుస్తూ వచ్చింది. స్టాటిస్టిక్స్ లెక్కలకు వాడే 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో రాసి, ఇంట్లో పదిసార్లు నడిచిన ప్రోగ్రామే కాలేజీ ల్యాబ్‌లో మొరాయించిందట. '>' గుర్తు ఇక్కడికి ఎందుకొచ్చిందంటూ తెర మీద ఎర్ర అక్షరాలు. టెన్షన్‌లో అరగంట పోయింది. చివరికి ప్రోగ్రాం కాగితం మీద రాసిచ్చి వస్తే, 'రికార్డులో ఈ గుర్తు లేదు కదమ్మా' అని ఎక్స్‌టర్నల్ మార్కులు కోసేశారు.

పిల్ల రాసింది తప్పు కాదు. ఆర్‌లో ఎడమవైపు వచ్చిన ఫలితాన్ని కుడివైపు పనికి అందించే పైపు గుర్తులు రెండున్నాయి. %>% అనేది 2014లో మ్యాగ్రిటర్ అనే ప్యాకేజీతో, అంటే విడిగా జోడించుకునే సరంజామాతో వచ్చింది. |> అనేది 2021 మేలో, 4.1.0 వెర్షన్‌తో, ఆర్‌లోనే భాగంగా వచ్చింది. అంతకుముందు వెర్షన్‌కు ఈ రెండోది అర్థమే కాదు. ల్యాబ్‌లో ఉన్నది ఆ పాతదే. పోనీ మొదటిదే రాద్దామంటే ప్యాకేజీ ఎక్కించి ఉండాలి, దాన్ని లోడ్ చేయాలి. పరీక్ష రోజు ల్యాబ్‌లో నెట్ ఆపేస్తారు కాబట్టి, ముందే ఎక్కించకపోతే అదీ లేదు.

అసలు పైపు మన పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. డేటా తీసుకుని, వడగట్టి, గుంపులు చేసి, సగటు కట్టు అన్నామంటే అది పైపు నడకే, తెలుగు వాక్యం నడకే. పాత పద్ధతిలో బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ లోపలి నుంచి బయటికి చదవాలి. సగం మంది అక్కడే చేతులెత్తేసేవారు.

చిక్కంతా రెండు గుర్తులూ ఒకటేననుకోవడంలో ఉంది. అమీర్‌పేట జిరాక్స్ నోట్సుల్లో పాత గుర్తు కొట్టేసి కొత్తది పెట్టి, మిగతాదంతా అలాగే వదిలేస్తున్నారు. %>% తర్వాత ఫంక్షన్ (చేయాల్సిన పని) పేరొక్కటి రాసినా నడుస్తుంది. |> తర్వాత ఖాళీవైనా సరే బ్రాకెట్లు ఉండాల్సిందే. డేటా ఫలానా చోటికి వెళ్లాలని చెప్పడానికి పాతదానిలో చుక్క పెడతాం. కొత్తదానిలో చుక్క చెల్లదు, అండర్‌స్కోర్ పెట్టాలి. అదీ 2022లో 4.2.0తోనే వచ్చింది, పైగా ఆర్గ్యుమెంట్ (ఫంక్షన్‌కు అందించే విలువ) పేరు రాసి మరీ పెట్టాలి.

ఇవన్నీ ఎర్ర అక్షరాలతో బయటపడే తప్పులు, కనీసం పిల్లలు ఆగి చూసుకుంటారు. నా భయం ఇంకోటి. 9 + 16 రాసి, పక్కనే పైపు పెట్టి, వర్గమూలం అడగండి. 25కి వర్గమూలం 5 వస్తుందనుకుంటాం. వచ్చేది 13. కూడిక కంటే పైపు ముందు పట్టు పడుతుంది. 16కి మాత్రమే వర్గమూలం కట్టి, 4ని 9తో కలుపుతుంది. ఈ విషయంలో రెండు పైపులూ ఒకటే. 9 + 16ని బ్రాకెట్లో పెడితేనే 5. మొత్తాన్ని సంఖ్యతో భాగించి రౌండ్ చేయమన్నా ఇదే గతి, రౌండ్ అయ్యేది భాజకం ఒక్కటే. ఏ ఎర్రరూ రాదు, తప్పు అంకె దర్జాగా కూర్చుంటుంది. మార్కులు కోయాల్సింది ఇలాంటి చోట. కానీ నేను చూసిన ప్రాక్టికల్ ప్రశ్నపత్రాల్లో ఈ సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

విశ్వవిద్యాలయాల పరీక్షల అధికారులకు నా విన్నపం చిన్నదే. ల్యాబ్‌లో ఏ వెర్షన్ ఉంటుందో, ఏ ప్యాకేజీలు ఉంటాయో సెమిస్టర్ మొదట్లోనే నోటీసు బోర్డులో పెట్టండి. జవాబు సరైనదైతే ఏ పైపు వాడినా మార్కులివ్వమని ఎక్స్‌టర్నల్స్‌కు రాతపూర్వకంగా చెప్పండి. ఆర్ ఉచితం, కొత్త వెర్షన్‌కు రూపాయి ఖర్చు లేదు. ల్యాబ్ అసిస్టెంటుకు ఒక మధ్యాహ్నం పని.

ఆ అమ్మాయి రీవాల్యుయేషన్‌కు పెట్టుకుంటానంటే, ప్రాక్టికల్స్‌కు అది వర్తించదని కాలేజీ ఆఫీసులో చెప్పి పంపారు.

– ఒక ట్యూషన్ మాస్టారు,
విద్యానగర్, హైదరాబాద్