జైలు రిజిస్టర్లలో కులం గడి కొట్టివేస్తే చాలదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించడం, కులాన్ని బట్టి ఖైదీలను వేరుచేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న తీర్పు చెప్పింది. పాత్రికేయురాలు సుకన్య శాంత వేసిన వ్యాజ్యంలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం, మూడు నెలల్లో జైలు మాన్యువళ్లను, అంటే జైలు నిబంధనల పుస్తకాలను, సవరించాలనీ, ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలనీ రాష్ట్రాలను ఆదేశించింది. ఆ వ్యాజ్యంలో ప్రస్తావనకు వచ్చిన రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అందుకే ఆ ఆదేశం మన జైలు గోడల లోపలికి ఎంతవరకు చేరిందని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

కోర్టు కొట్టివేసిన నిబంధనలను చదివితే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. పశ్చిమ బెంగాల్ నిబంధనల్లో వంట చేసి అందించే ఖైదీ ‘తగిన కులం’ వాడై ఉండాలనీ, ఊడ్చేవాళ్లను ఫలానా కులాల నుంచే తీసుకోవాలనీ ఆ కులాల పేర్లతో సహా రాసి ఉంది. ఉత్తరప్రదేశ్ మాన్యువల్ సాధారణ శిక్ష (కఠిన శ్రమ లేని జైలుశిక్ష) పడిన ఖైదీకి నీచమైన పనులు చెప్పకూడదంటూనే, అలాంటి పనులకు అలవాటుపడిన కులంవాడైతే చెప్పవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఆ మాన్యువల్ తెల్లదొరల కాలానిది కాదు, 2022 నాటిది.

మరో అంశం తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే కొన్ని జాతులవారిని దొంగలుగా లెక్కగట్టింది. ఆ ఆలోచనతోనే 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచి, ఆ చోటికి ఒక దొర పేరు మీద స్టూవర్టుపురం అని పేరు పెట్టారు. చట్టం 1952లో రద్దయినా ఊరి పేరు చెప్పగానే అనుమానంగా చూసే చూపు రద్దు కాలేదు. విముక్త జాతులవారిని (ఆ చట్టం రద్దుతో నేరస్థ ముద్ర తొలగినవాళ్లను), సంచార జాతులవారిని వాళ్ల పుట్టుకను బట్టి ‘అలవాటుపడిన నేరస్థులు’గా చూసే మాటలు జైలు నిబంధనల్లో ఉండరాదని కోర్టు చెప్పడం ఈ జిల్లాలో పుట్టి పెరిగిన నాకు ఎంతో ఊరటనిచ్చింది.

అయితే గడి కొట్టివేసినంత మాత్రాన అడిగే నోరు ఆగదు. న్యాయ సహాయ న్యాయవాదిగా నేను జైళ్లకు వెళ్లిన రోజుల్లో, ఒక సబ్‌జైలులో రిమాండులో ఉన్న కుర్రాడు ములాఖత్ వేళ ఇలా చెప్పాడు: “వచ్చిన రోజే మీ నాన్న ఏం చేస్తాడని అడిగారు సార్. తెల్లారగానే మరుగుదొడ్లు కడగమన్నారు.” అతని నేరం ఇంకా రుజువు కాలేదు, అతని కులం ఏ కాగితంలోనూ రాయలేదు. ఇంటిపేరు, ఊరు, తండ్రి చేసే పని చాలు, చీపురు ఎవరి చేతికి వెళ్లాలో తేలిపోవడానికి. మన దేశంలో ఖైదీల్లో మూడింట రెండు వంతుల మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవారే. మొత్తం ఖైదీల్లో నాలుగింట మూడు వంతుల మంది విచారణ పూర్తికానివాళ్లే. కాబట్టి ఈ అవమానం ఎక్కువగా ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

వికలాంగ ఖైదీల గతి కూడా ఇక్కడే చెప్పాలి. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా తొంభై శాతం వైకల్యంతో, చక్రాల కుర్చీలో, నాగపూర్ జైలులో ఏళ్లు గడిపి, 2024 మార్చిలో నిర్దోషిగా విడుదలై, ఏడు నెలలకే హైదరాబాదులో కన్నుమూశారు. చక్రాల కుర్చీ పట్టని మరుగుదొడ్డి ఉన్న జైలులో అందరినీ ఒకేలా చూస్తున్నామనడం సమానత్వం కాదు. తమిళనాడు ఖైదీ ఒకరి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు వికలాంగ ఖైదీలకు తగిన వసతులు కల్పించాలని ఆదేశించింది. వాటిని ఇక్కడ కూడా కల్పించడానికి మన ప్రభుత్వాలు మరో కేసు కోసం ఎదురుచూడనక్కర్లేదు.

కేంద్ర హోంశాఖ 2024 డిసెంబర్ చివర్లో నమూనా జైలు మాన్యువల్‌కు కుల వివక్షను నిషేధించే నిబంధనను చేర్చి, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం జైళ్లకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలనూ నేను కోరేది ఇదే. సవరించిన నిబంధనలను తెలుగులో ప్రతి బ్యారక్‌లోనూ అతికించి, చదువురాని ఖైదీకి లోపలికి వచ్చిన రోజే చదివి వినిపించాలి. ఏ పని ఎవరికి ఎన్నాళ్లు ఇచ్చారో తెలిపే రిజిస్టరు పెట్టి, వంట, ఊడ్పు పనులను వంతులవారీగా మార్చాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, సందర్శకుల మండలి క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని కోర్టు చెప్పింది గనుక, ఆ తనిఖీలలో ఈ రిజిస్టరును చూసి, వార్డర్లు లేని చోట ఖైదీలతో మాట్లాడి, నివేదికలను ప్రజల ముందు పెట్టాలి. తీర్పు వచ్చాక మన జైళ్లలో జరిగిన తనిఖీల నివేదికలను బయటపెట్టమని మీ పత్రిక కూడా అడగాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది,
బాపట్ల