రికార్డుల్లోనే ముగుస్తున్న చర్యాత్మక పరిశోధన

గౌరవనీయులైన సంపాదకులకు,

నేను హైదరాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. కిందటి ఏడాది బోధనాభ్యాసం కోసం మా బడికి వచ్చిన ఒక బీఈడీ విద్యార్థిని తరగతిలోని ఒక చిక్కుపై చేయాల్సిన తన చర్యాత్మక పరిశోధన (యాక్షన్ రీసెర్చ్) రికార్డు మీద సంతకం చేయమని అడిగింది. తెరిచి చూస్తే సమస్య, పరికల్పన, పూర్వ పరీక్ష, ఉత్తర పరీక్ష, శాతాలు, బార్ గ్రాఫు అన్నీ రంగు పెన్నులతో ముచ్చటగా ఉన్నాయి. ఆమె మా పిల్లల ముఖాలు చూసి అప్పటికి రెండు రోజులే అయింది. ఆ అమ్మాయిని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఎందుకంటే నా బీఈడీ రోజుల్లో నేను సమర్పించిన రికార్డు కూడా ఆ బాపతుదే.

1946లో సామాజిక మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ వ్యాసంతో ప్రచారంలోకి వచ్చిన ఈ చర్యాత్మక పరిశోధన పద్ధతిని 1953లో అమెరికా విద్యావేత్త స్టీఫెన్ కోరీ బడి పనులకు అన్వయిస్తూ పుస్తకం రాశారు. ఉపాధ్యాయులు తమ తరగతిలో తమకు ఎదురైన చిక్కును తామే పరిశీలించి, బోధనలో ఒక మార్పు చేసి, ఏం జరిగిందో చూసి, మళ్లీ సరిదిద్దుకోవడమే ఇందులోని అసలు పని.

ఆ పని నేను నిజంగా చేసింది ఇరవై ఏళ్ల సర్వీసు తర్వాతే. ఏడో తరగతిలో 41 మందికి 1/2, 1/3 కూడమని ఇస్తే 26 మంది 2/5 అని రాశారు. ఏటా చూసే తప్పే కనుక అజాగ్రత్త అనుకుని ఎర్ర సిరాతో కొట్టేయడం నాకు అలవాటు. ఈసారి మాత్రం ఒక్కొక్కరినీ పిలిచి ఎలా చేశారని అడిగాను. ‘ఒక పరీక్షల రెండిట్ల ఒకటి, ఇంకోదాంట్ల మూడిట్ల ఒకటి వస్తే మొత్తం అయిదిట్ల రెండే గద టీచర్’ అంది ఒక పిల్ల. మేము రిజిస్టర్లలో మార్కులు కూడే తీరు సరిగ్గా అదే! పిల్లలకు లెక్క రాక కాదు, రెండు భిన్నాలూ ఒకే మొత్తంలో భాగాలన్న సంగతిని నేను ఎన్నడూ చూపించకపోవడం వల్లే ఆ తప్పు వస్తోందని అప్పుడు తెలిసింది.

కాగితపు పట్టీలతో చేయిద్దామనుకున్నాను. మొదటి వారం ఎవరి నోటుబుక్కులోంచి వాళ్లు చించుకోవడంతో పట్టీలు తలో పొడవు వచ్చి గందరగోళం ఇంకా పెరిగింది. రెండో వారం అందరికీ 12 సెంటీమీటర్ల పట్టీలే ఇచ్చాను. సగం ఆరు, మూడో వంతు నాలుగు, కలిపితే పన్నెండింట పది, అంటే 5/6 అని వాళ్లే చెప్పారు. మూడు వారాలకు తప్పు చేసేవారు తొమ్మిది మంది మిగిలారు. వారిలో ఆరుగురు ఆ రోజుల్లో సగం బడికి రానివారు, దానికి నా పట్టీల దగ్గర మందు లేదు.

ఒక్క తరగతిలో తేలింది అందరికీ వర్తించదని పరిశోధకులు అంటారు. నిజమే, వర్తిస్తుందని నేనూ అనడం లేదు. అయితే పక్క బడి టీచరుకు ఆ పట్టీల పొడవు సంగతి తెలిస్తే ఆమెకు ఒక వారం కలిసివస్తుంది. ఆ మాట చెప్పుకోవడానికి చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఇప్పుడు చోటు లేదు; నేను వెళ్లిన వాటిలో సర్క్యులర్లు చదవడం, ప్రొఫార్మాలు నింపడంతోనే పూట గడిచిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా కనీసం 50 గంటల వృత్తిపరమైన అభివృద్ధి ఉండాలంటోంది. తరగతిలో చేసే ఈ పరిశీలనను కూడా ఆ గంటల్లో లెక్కించి, ప్రతి కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట పిల్లల నోటుబుక్కులు ముందుంచుకుని మాట్లాడుకోవడానికి కేటాయించాలని విద్యాశాఖను, రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థను కోరుతున్నాను. బీఈడీ కళాశాలలు కూడా గ్రాఫుకు బదులు పిల్లల రాతలకు, రోజువారీ పరిశీలనలకు మార్కులివ్వాలి. ‘నేను చేసిన మార్పు పనిచేయలేదు’ అని కారణాలతో రాసిన రికార్డుకు మార్కులు కోయకూడదు.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
మలక్‌పేట, హైదరాబాద్